సారుకిచ్చిన నీళ్లు

నేను పంచాయతీ మెంబరునయ్యింది నా తెలివితేటలు చూసి కాదు. ఆ ఎన్నికల్లో మా వార్డు ఆడవాళ్లకొచ్చింది, పాళెంలో పదో తరగతి గట్టెక్కిన కోడలు నేనొక్కదాన్నే. అంతే సంగతి. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి అరుగు మీద పెద్దలు కూర్చుని తేల్చేశారు. నన్ను అడగలేదు, మా ఆయన్ని అడిగారు. ఆయన దుత్తలూరు అవతల ఒక పల్లెలో టీచరు. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ కాదని చెప్పి ఎరగడు. ఇంటికొచ్చి, "నిన్ను మెంబరుగా నిలబెడతా ఉండారు" అన్నాడు, పక్కింటివాళ్లు తోడుకు పెరుగు అడిగారని చెప్పినంత తేలిగ్గా.

మాది ఉదయగిరిని ఆనుకుని ఉన్న చిన్న పంచాయతీ. బజారు దాటి కాస్త నడిస్తే, ఊరికి ఎడంగా మా పాళెం. మొదటి మీటింగుకు పోయేసరికి, నేను కాక ఉండాల్సిన ఇద్దరు ఆడ మెంబర్ల కుర్చీల్లో వాళ్ల మొగుళ్లు కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నారు. సర్పంచి పెద్ద ఆసామి, మనిషి చెడ్డవాడేం కాదు. నన్ను చూసి, "ఏమ్మా, టీచరు రాలేదా?" అన్నాడు.

"మెంబరు ఆయన గాదు గదయ్యా, నేను" అన్నాను.

"సరే, అట్ట కూర్చో" అన్నాడు.

ఆ రోజు టీ వచ్చింది. అందరికీ ఇచ్చుకుంటూ వచ్చి నా దగ్గరికొచ్చేసరికి గ్లాసులు అయిపోయాయి. పాపం, ఏదో పొరపాటు అనుకున్నాను. తర్వాత మీటింగులోనూ నా దగ్గరికొచ్చేసరికే అయిపోయాయి. నేను మెంబరుగా ఉన్నంత కాలం ఆ పంచాయతీకి గ్లాసుల కరువు తీరలేదు. కోపం రాలేదా అంటే వచ్చింది. కానీ టీ కోసం తగాదా పడితే అసలు పని మూలపడుతుందని దిగమింగుకున్నాను.

ఆ అసలు పని నీళ్లు. పాళెం మధ్యలో ఒక బోరింగు ఉండేది. ఎండాకాలంలోనూ కొడితే పడేవి, నీళ్లకు కొదవలేదు. కానీ ఆ నీళ్లలో కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, నోట్లో పోసుకుంటే నాలుక మందం కడుతుంది. నడివయసు దాటినవాళ్లు కూర్చుంటే గోడ పట్టుకుని లేవాల్సిందే. ఇక పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు. మా పెద్దకూతురు బడిలో చేరిన కొత్తల్లోనే నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం నేర్చుకుంది. మేమెవరం నేర్పలేదు.

మంచినీళ్లు కావాలంటే చేల గట్ల మీద నడిచి ఒక ఆసామి నిమ్మతోటలో బావికి పోవాలి. ఇంటికి ఒక్క బిందె, అదీ తోటలో మోటారు ఆడేటప్పుడు. ఆ బిందెను ఇంట్లో ఒక మూల చెక్కపీట మీద ఉంచి, మూత వేసి, మూత మీద గ్లాసు బోర్లించి పెడతారు. ఆ నీళ్లు పప్పుకు, బాలింతకు, జ్వరమొచ్చినవాళ్లకు, గడప తొక్కిన చుట్టానికి. ఇంట్లోవాళ్లకు బోరింగే. పాళెంలో ఏ ఇంటికి పోయినా ఇదే కట్టుబాటు. మా ఇంట్లో ఆ బిందెకు కాపలా మా అత్త. నా మొగుణ్ణి కూడా దాని జోలికి రానిచ్చేది కాదు.

నేను గెలిచిన కొత్తల్లో చిన్నది ఇంకా చంకపిల్ల. పెద్దదాని పళ్లు చూపిద్దామని ఇద్దర్నీ వెంటబెట్టుకుని ఆత్మకూరులో ఒక డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన పెద్దదాని నోరు తెరిపించి చూసి, "ఇది రుద్దితే పోయేది కాదమ్మా, నీళ్లలో ఫ్లోరైడు. దీనికింక చేసేదేం లేదు" అన్నాడు. తర్వాత నా చంకలోకి చూశాడు. "దీనికి మాత్రం టైముండాది. పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చేలోగా నీళ్లు మార్చుకోండి. చిగుళ్ల లోపల పళ్లు తయారయ్యేటప్పుడే ఆ మరక పడిపోతాది."

మెంబరు పదవికి అర్థం నాకు ఆ రోజు తెలిసింది. పంచాయతీకి ఐదేళ్ల గడువు, నా చిన్నకూతురి నోటికీ ఇంచుమించు అంతే.

ఆ మూలనున్న బిందె నీళ్లే చిన్నదానికి తాగించలేకపోయావా అని అడుగుతారు. తాగించాను. బిడ్డ ఒకచోట ఉంటుందా? పక్కింట్లో తాగుతుంది, బోరింగు దగ్గర ఆడుతూ ఆడుతూ దోసిలి పడుతుంది. అన్నం ఉడికేదే ఆ నీళ్లతో. వేసవిలో తోట బావి అడుగంటితే ఆ ఒక్క బిందె కూడా ఉండదు. వీధి మొత్తానికి నీళ్లు మారాలి తప్ప ఒక్క బిడ్డకు మార్చుకునే దారి లేదు.

అప్పట్నుంచి ఆత్మకూరు బస్సెక్కడం నాకు రెండో కాపురమైంది. నీళ్ల ఇంజినీరు కూర్చునేది అక్కడే. ఉదయగిరిలో బస్సు కదిలితే దుత్తలూరులో డ్రైవరు టీ తాగి, బీడీ కాల్చి, ఎవరితోనో లోకాభిరామాయణం ముగించేదాకా మళ్లీ కదలదు. తీరా పోతే, "సారు సోమశిల పోయినాడు" అనేవాళ్లు. ఎప్పుడు పోయినా సోమశిలే. వరండాలో బల్ల మీద నా పక్కన సోమశిల ప్రాజెక్టు కింద ఊరు మునిగినవాళ్లు కూర్చునేవాళ్లు, వాళ్ల కొత్త ఇళ్లకు కొళాయిలు కావాలని. వాళ్లకు నీళ్లొచ్చి ఊరు పోయింది, మాకు నీళ్లు లేక పళ్లు పోతున్నాయి. ఒక ముసలామె నా గోడంతా విని, "మా నీళ్లు తీసుకపో తల్లీ, మాకెందుకు అన్నేసి నీళ్లు" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వాక ఇంకా నీరసమొచ్చింది.

చెప్పులరిగేలా తిరిగితే చివరికి ఇంజినీరు దొరికాడు. ఉదయగిరి వైపు వేస్తున్న పెద్ద పైపు మా పాళెం పక్కనుంచే పోతుంది. దాన్నుంచి మాకో కొళాయి లాగాలంటే మా నీళ్లు తాగడానికి పనికిరావని తేలాలి. తనే వచ్చి చూసి, సీసాలో నీళ్లు పట్టి పరీక్షకు పంపుతానన్నాడు. ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పుకున్నాను. దుత్తలూరులో బస్సు ఎంతసేపు ఆగిందో కూడా నాకు తెలియదు.

ఇంజినీరు వచ్చే రోజు సర్పంచి కబురు పెట్టాడు. "ఆఫీసరు ముందర పంచాయతీ ఆఫీసుకొస్తాడు, మెంబర్లంతా ఆడనే ఉండాల, దండెయ్యాల, పద్ధతి అది" అని. మంచి చీర కట్టుకుని పోయి నిలబడ్డాను. చామంతి దండ బల్ల మీద వాడిపోతోంది. ఎండ నెత్తికెక్కింది. జీపు జాడ లేదు. ఎవరో సైకిలు మీద పోతూ, "ఈడ ఏం జేస్తండారు? జీపు మీ పాళెంలో ఉండాదే!" అని కేకేశాడు. దుత్తలూరు నుంచి వచ్చేవాడికి మా పాళెమే ముందు తగులుతుంది. ఆయన ఊళ్లోకి రాకుండా నేరుగా అక్కడికే పోయాడు.

చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తాను. నేను పోయేసరికి మా వాకిట్లో మంచం వేసి ఉంది. దాని మీద దుప్పటి, ఆ దుప్పటి మీద ఇంజినీరు. చుట్టూ పాళెమంతా నిలబడి ఉంది. ఆయన చేతిలో మా ఇంట్లో తళతళలాడే ఒకే ఒక్క స్టీలు గ్లాసు, ఖాళీది. మీసాలు తుడుచుకుంటూ, "రామ్మా మెంబరమ్మా" అన్నాడు. "నీళ్లు కొబ్బరినీళ్ల మాదిరి ఉండాయి గదా! ఇంకేందమ్మా నీ గోల? ఊరికే ఆఫీసు చుట్టూ తిప్పలు పడ్డావే?"

తలుపులోంచి లోపలికి చూశాను. పీట మీద బిందె మూత పక్కకు జరిపి ఉంది.

"సారూ, మీరు తాగింది బోరింగు నీళ్లు గాదు, అవి తోట బావివి" అన్నాను.

ఇంజినీరు మా అత్త వైపు తిరిగాడు. "ఏమవ్వా, ఇవి మీ నీళ్లేనా?"

మా అత్త కొంగు నిండుగా కప్పుకుని, "మా ఇంట్లో నీళ్లే సామీ" అంది. అబద్ధం కాదు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా, "అవును సారూ, ఆమె ఇంట్లోవే" అన్నారు. ఆఫీసరు ముందు ముసలామె మాట తీసెయ్యడం ఎవరికీ ఇష్టం లేదు.

"మరి సీసాలో పట్టినవి?" అని అడిగాను.

"ఆమే పోసింది" అన్నాడు ఆయన వెంట వచ్చిన మనిషి. సీసాకు మూత బిగించి, లక్క కూడా వేసేసి ఉంది. ఇంకో సీసా పట్టుకోండి సారూ, దండం పెడతాను, బోరింగు అదిగో అన్నాను. తెచ్చింది ఒకటే సీసా అన్నాడు ఇంజినీరు. ఆయన ఇంకా సోమశిల పోవాలట. జీపెక్కుతూ, "రిపోర్టు రానియ్యమ్మా, అబద్ధం నిజం అదే తేలుస్తాది" అన్నాడు. అన్నప్పుడు ఆయన కళ్లలో నేను అబద్ధాలకోరునని స్పష్టంగా కనిపించింది. దండ పట్టుకుని సర్పంచి వచ్చేసరికి దుమ్ము మాత్రమే మిగిలింది.

జనం పోయాక మా అత్త మీద విరుచుకుపడ్డాను. కాపురానికొచ్చాక ఆమెను అంతగా ఎదిరించింది అదే మొదలు. "ఎంత పని జేసినావే అత్తా! నేనేమో ఆయన కాళ్లా వేళ్లా పడి తీసుకొస్తే, నువ్వు చేతులారా బిడ్డ నోట్లో మట్టి గొట్టినావు గదా! తాగేదానికిచ్చినావు సరే, సీసాలో గూడా అవే యాల బోసినావు?"

"బోరింగు నీళ్లు పోసి పంపిస్తే, ఆత్మకూరులో అందరూ చూసి ఏమనుకుంటారు మే? ఈళ్లు ఇట్టాంటి నీళ్లు తాగే మనుషులు అనుకోరా?"

"అనుకోవాలనే గదా నా ఏడుపంతా!"

ఆమె గడప మీద కూర్చుని మోకాలు రుద్దుకుంది. తర్వాత, నాతో కాదన్నట్టుగా, నేల వైపు చూస్తూ చెప్పింది. "ఆయన జీపు దిగి నేరుగా నా దగ్గరికొచ్చి, 'అవ్వా, దప్పిగ్గా ఉండాది, కాసిన్ని నీళ్లియ్యి' అన్నాడు మే. నా జల్మలో ఈ పాళెంలోకొచ్చి ఒక ఆఫీసరు గాని, ఆసామి గాని నీళ్లడిగింది ల్యా. మా నాయన కాలంలో దోసిట్లో పోసేవాళ్లు మాకు, మేం పోస్తే తాగేవాళ్లు ఎవురు? ఇన్నాళ్లకు ఒకడు అడిగినాడు. ఆయన చేతికి ఆ ఉప్పునీళ్లు ఎట్టిస్తానే నేను?"

పంచాయతీలో నా దగ్గరికొచ్చేసరికి అయిపోయే గ్లాసులు గుర్తొచ్చాయి. లోపలికి పోయి చిన్నదాన్ని పక్కలో వేసుకుని పడుకున్నాను.

రిపోర్టు వచ్చింది. నీళ్లు తాగడానికి భేషుగ్గా పనికొస్తాయట. రాక ఏం చేస్తుంది, నిమ్మతోట బావి నీళ్లాయె! మీటింగులో సర్పంచి అది చదివి, "మన పంచాయతీలో నీళ్లకు లోటు లేదు" అని అందరి వైపు చూసి నవ్వాడు. ఆ ఇద్దరు మొగుళ్లు బల్ల చరిచారు. ఆ తర్వాత నేను నీళ్ల మాటెత్తితే చాలు, "నీ నీళ్లు పాసయినాయి గదమ్మా" అనేవాళ్లు. ఆత్మకూరు ఆఫీసులోనూ అదే పాట. ఒకసారి మంచివని తేలిన నీళ్లను చెడ్డవని తేల్చడం దేవుడితరం కూడా కాదని నాకు అర్థమైంది. ఏడాది గడిచింది, ఇంకో ఏడాది గడిచింది. నేను పోతూనే ఉన్నాను. ఎందుకు పోతున్నానో కొన్నాళ్లకు నాకే తెలియలేదు. అలవాటైపోయింది, పోకపోతే కాళ్లు లాగేవి. చిన్నది చంక దిగింది, పరుగులు తీసింది, బడిలో చేరింది. తెల్లటి పాలపళ్లు బయటపెట్టి ఇంట్లో అందరికంటే గట్టిగా నవ్వేది. అది నవ్వినప్పుడల్లా నాకు భయం వేసేది.

ఆ ఇంజినీరు బదిలీ అయ్యాడు. కొత్తాయన వయసులో చిన్నవాడు. ఇంక దాచేదేముందని జరిగిందంతా ఆయనకు పూసగుచ్చినట్టు చెప్పాను, మా అత్త మాటలతో సహా. మొదట నవ్వాడు. మధ్యలో నవ్వు ఆపేశాడు. "ఈసారి చెప్పకుండా వస్తానమ్మా" అన్నాడు. నేను ఇంటికొచ్చి అత్తతో ఒకటే మాటన్నాను. "మళ్లీ ఆఫీసరొస్తాడు. ఈసారి ఆ బిందె ముట్టుకోవద్దు." ఆమె విననట్టే చేటలో బియ్యం చెరుగుతూ ఉండిపోయింది.

అన్నట్టే ఒక పొద్దున వచ్చాడు. నేను ఇంట్లోనే ఉన్నాను. మంచం వాల్చాం, కూర్చున్నాడు. కావాలనే అడిగాడో, నిజంగానే దాహమేసిందో, "అవ్వా, కొంచెం మంచినీళ్లు" అన్నాడు. మా అత్త లోపలికి పోయి ఆ స్టీలు గ్లాసు తీసుకుంది. బిందె దగ్గర కాస్త ఆగింది. గ్లాసు పట్టుకుని వాకిలి దాటి నడుచుకుంటూ బోరింగు దగ్గరికి పోయింది. ఆ వంగని మోకాళ్లతోనే కొట్టింది. ఇంకెవరినీ కొట్టనివ్వలేదు. తెచ్చి ఆయన చేతికిచ్చి తల దించుకుంది.

ఆయన ఒక గుక్క తాగి ఆగాడు. ముఖం మారింది.

"తాగు నాయనా. మా బిడ్డలు తాగేది ఇయ్యే" అంది మా అత్త.

ఆయన ఆమెను చూశాడు, వాకిట్లో నిలబడ్డ పిల్లల్ని చూశాడు, మిగిలిన గ్లాసెడూ ఆగకుండా తాగేశాడు. లేచి సీసా తీసుకుని బోరింగు దగ్గరికి తనే పోయాడు. జీపెక్కే ముందు మా అత్తకు దండం పెట్టాడు. ఆమె చూడలేదు. అప్పటికే లోపలికి పోయి గ్లాసు తోముతూ ఉంది. చింతపండేసి తోముతూనే ఉంది. "ఆకిట్లోకొచ్చినోడికి నా చేతుల్తో ఆ నీళ్లిచ్చినా మే. నీ బిడ్డ కోసరం" అంది. ఆ రోజు అన్నం తినలేదు. సాయంత్రం చర్చిలో ఒక్కతే మోకరించి, లేవలేక, పాస్టరమ్మ చెయ్యి పట్టుకుంటే లేచి వచ్చింది.

ఈసారి రిపోర్టు సరిగ్గా వచ్చింది. కొళాయి మంజూరైంది. అయితే ఏం, మంజూరు కావడం వేరు, నీళ్లు రావడం వేరు. పైపులు వచ్చి రోడ్డు పక్కన పడ్డాయి. వాటిలో పిల్లలు దాక్కునే ఆటలాడారు, కుక్కలు పిల్లలు పెట్టాయి. కాంట్రాక్టరు జలదంకి వైపు ఇంకో పని ఒప్పుకున్నాడట, అది ముగించుకుని వస్తానన్నాడు. నేను సర్పంచిని అడిగాను, సర్పంచి కాంట్రాక్టరును అడిగాడు, కాంట్రాక్టరు వానలు పోనియ్యమన్నాడు. వానలు పోయాక ఎండలు పోనియ్యమన్నాడు.

ఆ ఎండల్లోనే ఒకరోజు చిన్నది పరుగెత్తుకొచ్చి నా అరచేతిలో ఏదో పెట్టింది. బియ్యపుగింజంత పాలపన్ను. "ఊడింది మా!" అని ఎగిరి గంతేసింది. మా అత్త దాన్ని తీసుకుని ఇంటికప్పు మీదికి విసిరి, "మంచి పన్ను రావాల" అంది. నేను రోజూ దాని పెదవి పైకెత్తి చూసేదాన్ని. అది విసుక్కునేది. పన్ను తెల్లగానే తొంగిచూసింది. అమ్మయ్య అనుకున్నాను. కాస్త పైకి వచ్చాక సుద్ద రాసినట్టు మచ్చలు కనిపించాయి. బడికి దసరా సెలవులిచ్చే నాటికి ఆ మచ్చల్లోకి గోధుమరంగు దిగింది. అక్క పళ్లకున్న రంగే. ఆ రాత్రి నాకు ఏడుపు కూడా రాలేదు, అంత అలసిపోయి ఉన్నాను.

నా పదవి ఇంకొన్నాళ్లలో దిగిపోతుందనగా కొళాయి వచ్చింది. మా ఇంటి ముందే, సిమెంటు దిమ్మె మీద ఇత్తడి టాప్. సర్పంచి వచ్చాడు, ఇంజినీరు వచ్చాడు, ఈసారి దండలు వాడిపోలేదు. పాస్టరుగారు ప్రార్థన చేశారు, సర్పంచి కొబ్బరికాయ కొట్టాడు, ఇంజినీరు టాప్ తిప్పాడు. బుసబుసమని గాలి వచ్చి, వెనకే నీళ్లు దూకాయి. మా అత్త ఆ స్టీలు గ్లాసు నింపి ఇంజినీరుకిచ్చింది, ఈసారి తలెత్తుకుని. ఆయన తాగి, "ఇప్పుడు బాకీ తీరిందవ్వా" అన్నాడు. అందరూ నవ్వారు. సర్పంచి కూడా ఒక గ్లాసు అడిగి తాగాడు, మా పాళెంలో, అందరూ చూస్తుండగా. అది చూసి మా అత్త కళ్లు తుడుచుకుంది. నాకు ఏమీ అనిపించలేదంటే నమ్మండి.

ఫొటో తీసే అబ్బాయిని ఉదయగిరి నుంచి పిలిపించారు. పిల్ల నీళ్లు తాగుతున్నట్టు ఫొటో ఉంటే బాగుంటుందన్నారు ఎవరో. మెంబరమ్మ బిడ్డ ఉంది గదా అని మా చిన్నదాన్ని ముందుకు తోశారు. గ్లాసు చేతికిచ్చి టాప్ పక్కన నిలబెట్టారు. "పాపా, పళ్లు కనపడేటట్టు నవ్వు" అన్నాడు ఫొటో అబ్బాయి.

అది జనంలో నిలబడ్డ వాళ్లక్క వైపు చూసింది. చూసి, గ్లాసు లేని చెయ్యి ఎత్తి నోటికి అడ్డం పెట్టుకుంది.

"అబ్బో, సిగ్గు!" అన్నాడు ఇంజినీరు, ముద్దుగా.

సిగ్గు కాదు సారూ, అని చెప్పబోయాను. మా అత్త వెనకనుంచి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వద్దులే మే" అంది మెల్లగా. "మన వాకిట్లో ఉండాడు."